మావయ్య ఆవిరి సంవత్సరం

పోయిన వారం పెంటపాడు వైపు పనుండి వెళ్ళి, తిరిగి వస్తూ రోడ్డు పక్కన కారు ఆపేశాను. వరి పాలు పోసుకుంటోంది. చేను మధ్యలో దిష్టిబొమ్మ. కర్రకి చిరిగిన చొక్కా, గడ్డి చేతులు, అన్నీ మామూలే. తల మీద మాత్రం నల్లటి పొడుగాటి టోపీ, దాని చుట్టూ తోలు పట్టీ, పట్టీకి ఇత్తడి పళ్ళచక్రాలు. మా చుట్టుపక్కల జిల్లాలన్నిట్లోనూ అలాంటి టోపీ పెట్టుకుని తిరిగినవాడు ఒక్కడే. అది మా మావయ్యది.

అక్కడే నిలబడి అత్తయ్యకి ఫోను చేశాను.

"అత్తయ్యా, మావయ్య టోపీ పెంటపాడు చేలో ఉందండి."

"తెలుసు నాన్నా, నేనే ఇచ్చాను. మన చేను చేసే అతను అడిగాడు. ఎండలో నిలబడేదానికి పనికొస్తుంది కదా అని."

"పిట్టలు భయపడుతున్నాయా అండి?"

"అవి మామూలుగానే వస్తున్నాయంట. మనుషులే ఆగి చూసి పోతున్నారంట."

ఆ మాట మావయ్యకీ సరిపోతుంది. పోయే ముందు ఏడాది పాటు ఆయన్ని చూసి పిట్ట కూడా బెదరలేదు గానీ, మనుషులు మాత్రం బళ్ళు ఆపుకుని చూశారు.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ మాస్టారే, కాబట్టి పేరుతో పని లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెల్ల చొక్కా, బూడిదరంగు ప్యాంటు, ఎడమ పాపిడి. ఆయన రంగు చొక్కా వేసుకోగా చూసినవాళ్ళెవరూ లేరు. పెళ్ళి ఫొటోలో కూడా తెల్ల చొక్కాయే. పక్కన అత్తయ్య ఎర్ర పట్టుచీరలో ఉండబట్టి గానీ, లేకపోతే ఇన్విజిలేషన్‌కి వచ్చాడనుకునేవాళ్ళం. క్లాసులో నవ్వేవాడు కాదు, ఇంట్లో మాట్లాడేవాడు కాదు. అలాంటి మనిషి రిటైరైన వేసవిలో హైదరాబాదులో ఒక శిష్యుడి పెళ్ళికి వెళ్ళి, మనిషి మారిపోయి వచ్చాడు.

జరిగిందేమిటంటే, పెళ్ళి పెట్టుకున్న హోటల్లో రెండు హాళ్ళున్నాయి. ఒకదాంట్లో పెళ్ళి. రెండోదాంట్లో స్టీమ్‌పంక్ వాళ్ళ సమావేశం. స్టీమ్‌పంక్ అంటే ఏమిటో అప్పటిదాకా నాకూ తెలీదు. పెట్రోలూ కరెంటూ కనిపెట్టకుండా, లోకమంతా ఆవిరి యంత్రాలతోనే నడిచి ఉంటే మనుషులు ఎలా ఉండేవాళ్ళో ఊహించుకోవాలి. ఊహించుకుని ఊరుకోకుండా ఆ ఊహకి తగ్గట్టు పొడుగు కోట్లూ, టోపీలూ, ఇత్తడి కళ్ళద్దాలూ పెట్టుకుని, గొట్టాలూ పళ్ళచక్రాలూ తగిలించుకుని ఒకచోట చేరి ఫొటోలు దిగాలి. అంతే.

మావయ్య రెండో హాల్లోకి వెళ్ళాడు. లోపల మగపిల్లలు పొడుగు టోపీలతో, ఆడపిల్లలు నడుముకి తోలు పట్టీలతో తిరుగుతున్నారు. హైదరాబాదు పెళ్ళిళ్ళు ఇప్పుడిలా ఉన్నాయి కాబోలనుకున్నాడు. అందరికన్నా ఎక్కువ నగలున్నట్టు కనిపించిన కుర్రాణ్ణి పెళ్ళికొడుకుగా తేల్చుకుని, వేదికెక్కి, నెత్తిన చెయ్యి పెట్టి, "పిల్లాపాపలతో చల్లగా ఉండు నాయనా" అని దీవించి, తెచ్చిన బహుమతి చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు అక్కడే కాగితం చింపాడు. లోపల లోలకం ఉన్న గోడ గడియారం.

పెళ్ళిలో అయితే ఆ గడియారాన్ని చూసి పెళ్ళికూతురి తల్లి పక్కన పడేసేది. ఇక్కడ హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. గడియారం లోపలి చక్రాల కోసం ప్రాణమిచ్చే జనం మరి. ఎవరో తన టోపీ తీసి మావయ్య తల మీద పెట్టారు. అన్నేళ్ళు పాఠం చెప్పినా ఆయనకి చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. ఆయన భోజనం కూడా అక్కడే చేశాడు. ఆ శిష్యుడు మాత్రం మాస్టారు తన పెళ్ళికి రాలేదని ఇప్పటికీ అలక మీదే ఉన్నాడు.

తిరిగొచ్చాక మొదట కళ్ళద్దాలు వచ్చాయి. ఇత్తడి చట్రం, వెల్డింగు చేసేవాళ్ళు పెట్టుకునే రకం. చూపు కోసం కాదు కాబట్టి వాటిని నుదుటి మీదకి తోసుకునేవాడు. తీశాక రెండు గుండ్రటి అచ్చులు నుదుటి మీద మధ్యాహ్నం దాకా ఉండేవి. తరవాత గొలుసు గడియారం వచ్చింది. అది తిరగదు. అయినా ఎవరన్నా టైమెంతయిందని అడిగితే జేబులోంచి తీసి, మూత టక్కున తెరిచి, చూసి, మూసి, సెల్‌ఫోన్లో టైము చెప్పేవాడు. టోపీ తలకన్నా పెద్దది. లోపల పాత పేపర్లు కుక్కి పెట్టుకునేవాడు. ఎదురొచ్చినవాళ్ళకి రెండు వేళ్ళతో టోపీ ఎత్తి నమస్కారం చేస్తే ఒక్కోసారి పేపరు ముక్క భుజం మీద పడేది.

"ఇదేం వేషం మాస్టారూ?" అనడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. "ఇది వేషం కాదండి. జరగని చరిత్ర."

జరిగిన చరిత్రే సరిగా తెలియని వాళ్ళ వీధికి ఈ జవాబు ఎంత అర్థమైందో దేవుడికే తెలియాలి. స్టీమ్‌పంక్ అన్న మాట వాళ్ళ చెవిని 'స్టీమ్ బంకు'గా పడింది. మాస్టారు రిటైర్మెంటు డబ్బులతో బంకు పెడుతున్నారని ఊరంతా పాకింది. హైవే మీద స్థలం చూశారన్నారు. ఆవిరి కొట్టే బంకు కాబట్టి సర్కారు సబ్సిడీ కూడా ఉందన్నారు. పొద్దున్నే ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, "మావాడు డిగ్రీ చదివాడండి, బంకులో ఏదన్నా చూడండి మాస్టారూ" అన్నాడు. మావయ్య ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఆవిరి యంత్రం పనిచేసే తీరంతా చెప్పాడు. ఆ కుర్రాడు మళ్ళీ కనిపించలేదు.

ఆ ఏడాది నెలకోసారి కుటుంబమంతా బయటికి వెళ్ళాలని మావయ్య తీర్మానించాడు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి కుటుంబమంతా అంటే ఆయనా, అత్తయ్యా, అమ్మా, కారున్న పాపానికి నేనూ. ఏలూరు నుంచి అమ్మని ఎక్కించుకుని, తాడేపల్లిగూడెం వెళ్ళి వాళ్ళని ఎక్కించుకోవడం నా డ్యూటీ. ఒక నెల హైదరాబాదులోనో విజయవాడలోనో స్టీమ్‌పంక్ ఈవెంటు, ఇంకో నెల మన దగ్గరే ఎక్కడికన్నా. ఈవెంటులో మిగతావాళ్ళూ అలాగే ఉంటారు కాబట్టి మావయ్యని ఎవరూ చూసేవాళ్ళు కాదు. చీరా రవికలతో మామూలుగా వచ్చిన అమ్మనీ అత్తయ్యనీ మాత్రం వింతగా చూసేవాళ్ళు. మన దగ్గర అలా కాదు.

పెదవేగి పామాయిలు తోటల్లో వనభోజనానికి వెళితే కూలీలు పని ఆపేశారు. పురుగుమందు కొట్టే కొత్త రకం ఆఫీసరు వచ్చాడనుకుని, మేస్త్రీ మావయ్యకి గెలల మీద మచ్చలు చూపించాడు. మావయ్య ఒక్కో గెలనీ కళ్ళద్దాలు కిందకి దించుకుని పరీక్షగా చూసి, "చాలా బావుందండి" అన్నాడు. మేస్త్రీ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ద్వారకా తిరుమలలో ఇంకా బావుంది. మావయ్య దగ్గర ఆ టోపీ జతకి ఇంకోటి ఉండేది. అత్తయ్య కోసం కుట్టించాడు. ఆవిడ ముట్టుకోనంది. ఎప్పటికైనా మనసు మారుతుందేమోనని, ఎక్కడికి వెళ్ళినా దాన్ని చేత్తో పట్టుకుని వచ్చేవాడు. కొండ మీద ఎండలో నెత్తిన ఒకటీ, చేతిలో ఒకటీ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. తలనీలాలిచ్చిన కుటుంబం ఒకటి గంధం రాసిన గుండ్లతో దిగుతోంది. తల్లి ఆగి, చేతిలో టోపీ వైపు చూసి, "గుండు పిల్లాడికి సైజుందా అండి?" అంది.

"లేదండి, ఇది మా ఆవిడది" అన్నాడు మావయ్య.

ఆవిడ అత్తయ్య జడ వైపు చూసింది, ఆయన చేతిలో టోపీ వైపు చూసింది. "మొక్కు ఇంకా తీర్చుకోలేదాండి? తొందరగా వెళ్ళండి, క్యూ పెరిగిపోతంది" అని కల్యాణకట్ట దారి చూపించి వెళ్ళిపోయింది.

అత్తయ్య మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఏవండీ, మీకో దణ్ణం. ఆ రెండోది సంచిలో పెట్టండి."

"సంచిలో పెడితే నలుగుతుందే."

"నేను నలగట్లేదాండీ?"

అమ్మ నా వైపు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటికి మా అందరికీ అది తమాషాయే. అత్తయ్యకి మాత్రం తమాషా అయిపోయి చాన్నాళ్ళయింది. మావయ్య ఎక్కువ మాట్లాడని మనిషి కాబట్టి, ఊళ్ళో అడిగేవాళ్ళకి జవాబులన్నీ ఆవిడే చెప్పుకోవాలి. కూరల దగ్గర ఒక అబద్ధం, పాలవాడికి ఒక అబద్ధం. సోలారు కంపెనీలో చేరారని ఒకరికీ, కళ్ళకి ఆపరేషనయిందని ఒకరికీ చెప్పింది. కళ్ళకి ఆపరేషనయితే టోపీ ఎందుకని వాళ్ళు అడగలేదు గానీ అడిగినట్టే చూసేవాళ్ళు.

ఆవిడ ఓర్పు తెగింది కొల్లేట్లో.

చలికాలంలో పెలికాన్లని చూడ్డానికి ఆటపాక వెళ్ళాం. మావాళ్ళు వాటిని గూడబాతులంటారు. పడవలో వెళ్ళొచ్చి గట్టు మీద పులిహోర తింటున్నాం. అవతల పెళ్ళి కావలసిన జంట ఒకటి ఫొటోలు తీయించుకుంటోంది. అమ్మాయి గౌను గట్టంతా పరుచుకుంది, అబ్బాయి మోకాలి మీద కూర్చుని ఆకాశం వంక చూస్తున్నాడు. ఫొటోగ్రాఫరు మావయ్యని చూశాడు. కంపెనీవాళ్ళు పంపిన ఆర్టిస్టు అనుకున్నాడో, దేవుడు పంపాడనుకున్నాడో.

"సార్ సార్, మీరు వెనకాల నిలబడి ఆ టోపీ అలా ఎత్తండి. ఎత్తి, గడియారం చూసి, తల అడ్డంగా ఊపండి. చాలండి, అదిరిపోద్ది."

మావయ్య ఎంత శ్రద్ధగా చేశాడంటే, వాళ్ళు మళ్ళీ మళ్ళీ తీశారు. చివర్లో పేపరు ముక్క కూడా పడింది. వారం తిరక్కుండా అది ఫోన్లన్నిట్లోకీ వచ్చేసింది. ప్రేమికులు కౌగిలించుకుంటుంటే వెనకాల మావయ్య గడియారం చూసి తల ఊపుతాడు, వెంటనే జనం పగలబడి నవ్విన చప్పుడు. కింద రాసింది, 'పెళ్ళయిన ముప్పయ్యేళ్ళకి'.

అత్తయ్య శుక్రవారం సాయంత్రాలు విష్ణుసహస్రనామానికి వెళ్తుంది. అక్కడ పారాయణ అయ్యాక ఒకావిడ ఫోను తీసి, "ఇది మీవారు కాదాండీ?" అని అందరికీ చూపించింది. అందరూ నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. ఇంటికొచ్చి బ్యాగు సర్దుకుంది.

ఆ సంగతి తరవాత అమ్మకి చెప్తుంటే విన్నాను. "పెళ్ళయిన ముప్పయ్యేళ్ళకి అని రాశారు వదినగారూ. ఈయనకి నాతో ఉండటం అలా ఉందని లోకమంతా అనుకుంటంది కదండీ. ఈయనేమో, ఎంతమంది చూశారో చూడవే అని నాకే చూపించారు. ఆ టోపీయో నేనో తేల్చుకోమన్నాను."

"ఏమన్నాడు వాడు?"

"ఆలోచించి చెప్తానన్నారండి."

అమ్మ తలకొట్టుకుంది. ఫిజిక్సు మాస్టార్లతో వచ్చిన చిక్కే ఇది. ఏ ప్రశ్నకయినా ఆలోచించి జవాబు చెప్తారు.

అత్తయ్య మా ఇంట్లో ఉండిపోయింది. మావయ్య ఫోను చెయ్యలేదు, రాలేదు. చెయ్యడానికి ఆయనకి తీరిక లేదు. తాడేపల్లిగూడెంలోనే ఒక ఈవెంటు పెట్టాలనుకున్నాడు. విజయవాడ పిల్లలు వ్యానేసుకుని వస్తామన్నారు. ఊళ్ళోవాళ్ళని కూడా పిలిచాడు. ఊరు ఊరంతా చూసి ఒప్పుకుంటే అత్తయ్య కూడా ఒప్పుకుంటుందని ఆయన లెక్క.

ఏలూరులో ఇత్తడి గిన్నెలకీ గుండిగలకీ మాట్లు వేసే సాయిబుగారొకాయన ఉన్నాడు. మావయ్యకి చిన్నప్పటి స్నేహం. ఆయన కొట్లో మావయ్య ఒక యంత్రం చేయిస్తున్నాడని తెలిసి వెళ్ళాను. పెళ్ళిళ్ళలో పప్పు వండే గుండిగకి పైన మూత బిగించి, పక్కల నుంచి గొట్టాలు తీశారు. ఒక గొట్టం చివర ముల్లు తిరిగే మీటరు, ఇంకోదాని చివర కూత పెట్టే విజిలు. దాంట్లో ఇడ్లీలు ఉడుకుతాయట.

"మన జాతి ఆవిరితో చేసిన గొప్ప పని ఇడ్లీ ఒక్కటేరా" అన్నాడు మావయ్య నన్ను చూడగానే. అత్తయ్య ఎలా ఉందని అడగలేదు. నేను కూర్చున్నాక, "కాళ్ళనొప్పుల మాత్రలు తీసుకెళ్ళలేదు. ఇవిగో" అని జేబులోంచి తీసి ఇచ్చాడు.

సాయిబుగారు సుత్తి పక్కనపెట్టి, "విజిలెందుకండి మాస్టారూ? ఇడ్లీకి కూత అక్కర్లేదు కదండి" అన్నాడు.

"ఇడ్లీకి అక్కర్లేదండి. నాకు కావాలి."

సాయిబుగారు ఇంకేం అడగలేదు. నేను అడిగాను. "ఎందుకు మావయ్యా ఇదంతా? అత్తయ్యకన్నా ఎక్కువా అండి ఈ గొట్టాలు?"

ఆయన మీటరు ముల్లుని వేలితో సున్నాకి సర్దాడు. "నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయని ఏటేటా చెప్పానురా. ఏ ఏడాదీ మారలేదు. మార్చి చెప్తే తప్పు. నేనూ ఏ ఏడాదీ మారలేదు. మీ అత్తయ్య ఎప్పుడన్నా నా వంక తలెత్తి చూసిందా? చూడ్డానికేముంది, తెల్ల చొక్కా. ఇప్పుడు చూస్తోంది."

"కోపంగా చూస్తోందండి."

"చూస్తోంది కదా."

ఈవెంటు రోజు పొద్దున్నే అమ్మా నేనూ వెళ్ళాం. అత్తయ్య రానంది. ఫంక్షన్ హాల్లో మావయ్య పొడుగు కోటు వేసుకుని చెమటలు కక్కుతున్నాడు. విజయవాడ పిల్లలు రెక్కలూ చక్రాలూ తగిలించుకుని వచ్చారు. ఊరి జనం బంకు ప్రారంభోత్సవమని వచ్చారు. అమ్మ నేరుగా వంటశాలలోకి వెళ్ళి పిండి గిన్నె మూత తీసింది. వేలితో ముట్టుకుని నోట్లో పెట్టుకుంది. బయటికొచ్చి ఫోను చేసింది.

"ఏమ్మా, మీ ఆయన ఇడ్లీపిండిలో బొంబాయి రవ్వ కలిపాడు. జావలా ఉంది. ఊరందరికీ ఇదే పెడతాడంట."

 అవతల నుంచి "ఇంకా పొయ్యి ఎక్కించలేదు కదండీ?" అన్న మాట నాకు కూడా వినిపించింది.

అత్తయ్య రైల్లో వచ్చేలోపే పొయ్యి ఎక్కించేశారు. ముల్లు తిరిగింది. విజిలు కూసింది. అంత గట్టి కూత మా ఏలూరు స్టేషన్లో కూడా విన్లేదు. విజయవాడ పిల్లలు కేకలు పెట్టారు. మావయ్య టోపీ తీసి అందరికీ నమస్కారం చేసి మూత విప్పాడు. ఆవిరంతా పోయాక లోపల చూస్తే రేకులకి అంటుకుని తెల్లటి ముద్ద. గరిటతో లాగితే తీగ సాగింది.

ముందు వరసలో ఒక ముసలాయన పరీక్షగా చూసి, పక్కవాడితో గట్టిగానే అన్నాడు. "మాస్టారు బంకు పెడతారన్నారు. బంక పెట్టారండి."

హాలంతా నవ్వింది. అది కొల్లేటి వీడియోలో తగిలించిన నవ్వు కాదు, ఎదురుగా నవ్విన నవ్వు. మావయ్య గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన మొహం వంక చూడలేక నేను గుమ్మం వైపు తిరిగాను. గుమ్మంలో అత్తయ్య ఉంది. రైలు దిగి ఎండలో నడిచి వచ్చింది. నవ్వుతున్నవాళ్ళందరినీ ఒకసారి చూసింది. వాళ్ళలో శుక్రవారం పారాయణ ఆవిడ కూడా ఉంది.

అత్తయ్య సరాసరి యంత్రం దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా అంది. "ఏవండీ, ఇది దిబ్బరొట్టెల పిండని చెప్పాను కదా, ఇడ్లీరేకుల్లో ఎందుకు పోశారు? అందరూ కూర్చోండి, ఇప్పుడే అయిపోతుంది."

అలాంటిదేం చెప్పలేదని ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన "అవునవును" అన్నాడు.

అత్తయ్య కొంగు నడుముకి దోపి వంటశాలలోకి దిగింది. మిగిలిన పిండిలో, వడలకని నానేసి ఉంచిన పప్పు రుబ్బించి కలిపింది. మూకుళ్ళు తెప్పించింది. రొట్టెల్లోకి ఉల్లిపాయ పచ్చడి అంది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలకి లోటేముంది, మార్కెట్టు నుంచి బస్తా వచ్చింది. తరగడం మొదలుపెట్టగానే ఆవిడకి కళ్ళంట నీళ్ళు కారాయి. చుట్టూ చూసింది. బల్ల మీద మావయ్య ఇత్తడి కళ్ళద్దాలు కనిపించాయి. తీసి పెట్టుకుంది. మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది.

విజయవాడ పిల్లలు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి చూశారు. పొగలో, ఇత్తడి గొట్టాల పక్కన, నడుం బిగించి, గుండ్రటి కళ్ళద్దాలతో, చేతిలో అట్లకాడతో, పదిమందికి ఆర్డర్లు వేస్తున్న ఆవిణ్ణి చూసి అక్కడే ఆగిపోయారు. తరవాత కెమెరాలు వచ్చాయి. రొట్టెలు అందరూ తిన్నారు. రెండోసారి అడిగి తిన్నారు. ఆవిరి యంత్రంలో కాఫీకి నీళ్ళు కాగాయి.

సాయంత్రం బహుమతులిచ్చారు. ఉత్తమ వేషధారణకి ఇత్తడి దిక్సూచి. అది అత్తయ్యకి ఇచ్చారు.

"నాకెందుకండీ ఇది?" అంది అత్తయ్య కంగారుగా.

"మీ లుక్‌కండి మేడమ్."

"లుక్కేవిటి నాన్నా, ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయని పెట్టుకున్నాను."

చప్పట్లు ఇంకా పెరిగాయి. మావయ్య కూడా కొట్టాడు, కానీ ఒక చేత్తో ఇంకో చేతిని ఓదారుస్తున్నట్టు కొట్టాడు. ఏడాదంతా వేషం వేసి తిరిగినవాడికి ఏమీ రాలేదు, వెయ్యని వేషానికి ఆవిడకి బహుమతి వచ్చింది. మళ్ళీ మామూలు మనిషి కావడానికి ఆయనకి కొన్ని రోజులు పట్టింది. తరవాత ఆ దిక్సూచిని వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయనే చూపించాడు.

జనం వెళ్ళిపోయాక నేను కారు తీశాను. అమ్మ ఎక్కింది. అత్తయ్య గుండిగ దగ్గరే నిలబడి ఉంది. మావయ్య టోపీ చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఏలూరు వెళ్ళిపోతున్నావా?"

"మీకోసం రాలేదండి నేను. మన ఇంటి పేరుతో ఆ పిండి పెడుతుంటే చూడలేక వచ్చాను."

"అదే, వెళ్తున్నావా అని."

"ఈ గుండిగ ఎవరు తోముతారు? తోమి వెళ్తాను." నా వైపు తిరిగి, "నాన్నా, నా బ్యాగు మళ్ళీ వచ్చేటప్పుడు తీసుకురా" అంది.

గుండిగ తోమడం అవలేదు. ఆవిడ తిరిగి ఏలూరు రాలేదు. టోపీ మీద మాత్రం ఒప్పందం కుదిరింది. గుళ్ళోకీ, అత్తయ్య పుట్టింటివాళ్ళ పెళ్ళిళ్ళకీ రాకూడదు. మిగతా ఎక్కడికైనా సరే. ఆ తరవాత వెళ్ళిన విజయవాడ ఈవెంటులో పిల్లలు మావయ్యని 'మేడమ్‌గారి హస్బెండ్' అని పరిచయం చేశారు. ఆయన టోపీ ఎత్తి నమస్కారం చేశాడు.

వేసవి చివర్లో దగ్గు పట్టుకుంది. దగ్గే కదా అనుకున్నాం. న్యుమోనియా అన్నారు. ఏలూరు ఆస్పత్రిలో చేర్చాం. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముక్కూ నోరూ కప్పుతూ పారదర్శకంగా మాస్కు, దానికో గొట్టం, గొట్టం చివర గుర్రుమంటూ చిన్న మిషను. మాస్కు పక్కల నుంచి తెల్లగా మందు ఆవిరి వస్తోంది. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి. మాస్కు కొద్దిగా పైకెత్తి, "ఫొటో తియ్యి" అన్నాడు.

"ఇప్పుడెందుకండీ, పడుకోండి" అంది అత్తయ్య.

"ఇంత మంచి సామాను మళ్ళీ దొరకదే. తియ్యరా. గ్రూపులో పెట్టు."

ఆయన ఫోను తీసుకుని తీశాను. భుజాలు నిలబెట్టి, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. ఆవిరి బాగా వచ్చేదాకా ఆగమని చెయ్యి చూపించాడు. పిల్లల గ్రూపులో పెట్టాను. నిమిషాల్లో జవాబులు. అదిరింది సార్ అని ఒకరు. ఆ మాస్కు ఎక్కడ చేయించారు సార్ అని ఒకరు. నిజమైన పొగేనా సార్ అని ఇంకొకరు. ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే ఆయన పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

"ఆస్పత్రని చెప్పనా మావయ్యా?"

తల అడ్డంగా ఊపాడు. "అడగనీరా."

మర్నాడు పొద్దున్న మాస్కు తీసేశారు. ఇంక అవసరం లేదన్నారు.

కాగితాల పని చూసుకుని నేను తిరిగొచ్చేసరికి అత్తయ్య వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఆయన ఫోను ఆవిడ ఒళ్ళో మోగుతోంది, ఆగుతోంది. ఫొటో కింద ఇంకా జవాబులు వస్తున్నాయి. ఆవిడకి ఫోన్లో తెలుగు టైపు చెయ్యడం సరిగా రాదు. అయినా కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఏదో కొడుతోంది. పక్కన కూర్చుని చూశాను. చివరి ప్రశ్న ఒక అమ్మాయిది. 'సార్, ఈ ఈవెంటు ఎక్కడ? మేమూ వస్తాం.'

అత్తయ్య కొట్టిన జవాబు నాకు చూపించింది, తప్పులేమన్నా ఉన్నాయేమో చూడమని.

'ఏలూరులోనమ్మా. అయిపోయింది.'

తప్పులేం లేవన్నాను. ఆవిడ పంపింది.